మీ గీజరు నాడి చూశారా?

మీ ఇంట్లో గీజరు కొని ఎన్నేళ్ళయింది? చప్పున చెప్పగలరా? ఫ్రిజ్జు ఏ పండక్కి వచ్చిందో, కుట్టుమిషను ఎవరు కొనిపెట్టారో ఠక్కున చెప్పగల ఇల్లాలు కూడా ఈ ప్రశ్నకు కాస్త ఆలోచిస్తుంది. "అబ్బాయి పదో తరగతిలో వుండగా పెట్టించాం కాబోలు" అంటుంది. ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తూ వుంటాడు. గీజరు మాత్రం బాత్‌రూములో అదే గోడకు వేలాడుతూ రోజూ నీళ్ళు కాస్తూనే వుంటుంది. నీళ్ళు కాగినంత కాలం దానివైపు కన్నెత్తి చూసేవారుండరు.

ఆరోగ్య శీర్షికలో గీజరు గొడవేమిటని మీకు అనిపించవచ్చు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే నాబోటివాడికి చలికాలంలో జలుబులూ, ఆయాసాలూ మాత్రమే రావు. వేడినీళ్ళు మీద పడి ఒళ్ళు కాలిన పసిపిల్లలు వస్తారు. కరెంటు షాకు తిన్న పెద్దవాళ్ళు వస్తారు. గ్యాసు గీజరు వెలిగించి తలుపు బిగించుకుని స్నానం చేస్తూ స్పృహతప్పిన కుర్రవాళ్ళు వస్తారు. వీటిలో ఏ ఒక్కటీ దైవాధీనమైన రోగం కాదు. ముందు చూసుకుంటే తప్పిపోయేవే.

2022 అక్టోబరులో హైదరాబాదు లంగర్‌హౌజ్ ప్రాంతంలో జరిగిన ఘోరం మీలో చాలామంది పత్రికల్లో చదివే వుంటారు. ఒక యువ వైద్యుడు, వైద్యవిద్య చదువుతున్న ఆయన భార్య, ఇద్దరూ తమ ఇంటి బాత్‌రూములో విగతజీవులై కనిపించారు. గీజరు నుంచి కరెంటు షాకు తగిలి వుంటుందని పోలీసులు భావించారు. మనిషి దేహంలో కరెంటు ఏం చేస్తుందో చదువుకున్న ఇంట్లోనే ఇలా జరిగిందంటే, మిగతా ఇళ్ళ సంగతి వేరే చెప్పాలా?

"అయితే డాక్టరుగారూ, గీజరును ఎన్నేళ్ళకు మార్చాలి?" అని అడుగుతారు. మందుల సీసా మీద గడువు తేదీ వున్నట్టు గీజరుకీ ఒక తేదీ చెప్పమంటారు. అంత తేలిక కాదు. నీళ్ళు నిలవ వుంచి కాచే కరెంటు గీజరు సాధారణంగా 8 నుంచి 12 ఏళ్ళు పనిచేస్తుంది. కాని ఉప్పునీళ్ళ ఇంట్లో అయిదారేళ్ళకే మూలపడవచ్చు, మంచినీళ్ళ ఇంట్లో పదిహేనేళ్ళు నడవవచ్చు. మనిషి ఆరోగ్యాన్ని వయసుతో కాక లక్షణాలతో అంచనా వేసినట్టే, గీజరును కూడా లక్షణాలతోనే చూడాలి. ఏ లక్షణానికి మరమ్మతు చాలు, దేనికి కొత్తది కొనాలి, దేనికి ఈ క్షణమే స్విచ్చి కట్టెయ్యాలి? ఈ మూడూ విడివిడిగా తెలిస్తే చాలు.

కాగు చెప్పేది, గీజరు చెప్పదు

మా చిన్నతనంలో నీళ్ళు కాగులో కాగేవి. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబారిన కాగు. కొంచెం వున్నవాళ్ళ ఇంట్లో నడుమ గొట్టంతో రాగి బాయిలరు వుండేది. అది పాతబడిన సంగతి అదే చెప్పేది. అడుగున చిల్లి పడిందంటే నీళ్ళు కారి నిప్పు ఆరిపోయేది. మాట్లు వేసేవాణ్ణి పిలిచేవారు. కాగు చెడితే మనకి వేడినీళ్ళు వుండవు, అంతే. ప్రాణానికి ముప్పు వుండేది కాదు.

గీజరు అలా కాదు. పైన తెల్లటి డబ్బా నిగనిగలాడుతూనే వుంటుంది. లోపల వేరే ట్యాంకు వుంటుంది. ఆ రెంటికీ నడుమ వేడి పోకుండా మందమైన పొర. ట్యాంకులో నీళ్ళు కాచే ఎలిమెంటు, వేడి చాలనగానే కరెంటు ఆపే థర్మోస్టాటు, అది విఫలమైతే అడ్డుపడే కటౌటు, వత్తిడి పెరిగితే నీటిని వదిలే సేఫ్టీ వాల్వు. చాలా గీజర్లలో ఇంకొకటి కూడా వుంటుంది: మెగ్నీషియం కడ్డీ. మీలో చాలామంది దాని పేరు కూడా విని వుండరు. గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ ఇంటికి తగిలే దిష్టి తాను తీసుకుంటుందంటారు చూడండి, ఈ కడ్డీ ట్యాంకుకు పట్టవలసిన తుప్పును తాను తీసుకుంటుంది. అది అరిగిపోయాక ఇక తుప్పు తినేది ట్యాంకునే. ఇదంతా మూసిన డబ్బాలో జరుగుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, బయటివాడికి ఏమీ కనబడదు.

నీళ్ళను బట్టి ఆయుష్షు

నేను వుండేది నాగారంలో, ఇ.సి.ఐ.ఎల్. నుంచి కీసరగుట్టకు పోయే దారిలో. ఒకప్పుడు పల్లె. ఇప్పుడు కాలనీ పక్కన కాలనీ. కొన్ని ఇళ్ళకు కుళాయి నీళ్ళు, కొన్ని ఇళ్ళకు బోరు నీళ్ళు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళు. రాతి నేలలో లోతుకు వెళ్ళి తోడిన బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా వుంటాయి. సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లటి చార కడుతుంది, కుళాయి మూతికి తెల్లగా పెచ్చు పడుతుంది. ఇవి మీ ఇంట్లో వున్నాయంటే మీ గీజరు లోపల కూడా అదే జరుగుతోందన్నమాట.

మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో కఠినత్వం 200 మిల్లీగ్రాముల లోపు వుండాలి. వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. మీ నీటిలో 300 వుందనుకోండి. ఇంటిల్లిపాదికీ రోజుకు 60 లీటర్ల వేడినీళ్ళు. అంటే రోజుకు 18 గ్రాముల లవణాలు గీజరు గుండా పోతున్నాయి. అందులో పదోవంతు లోపల దిగినా, నాలుగు నెలల చలికాలంలో 200 గ్రాములు దాటుతుంది. పళ్ళకు గార పట్టినట్టు ఎలిమెంటుకు సున్నం పడుతుంది. దాని వేడి నీటిలోకి పోలేక దానిలోనే మిగులుతుంది. చివరకు అది తన వేడికి తానే పగులుతుంది. అందుకే బోరు నీళ్ళ ఇళ్ళలో గీజరును ఏడాదికొకసారి, కుళాయి నీళ్ళ ఇళ్ళలో రెండేళ్ళకొకసారి విప్పించి సున్నం తీయించి, మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో చూపించుకోవాలి. కడ్డీ సన్నబడి పుల్లలా అయితే కొత్తది వేయించాలి. కడ్డీ ధర తక్కువ, ట్యాంకు ధర ఎక్కువ.

లక్షణాలూ, నిదానమూ

మొదటి లక్షణం ఆలస్యం. పదిహేను లీటర్ల గీజరు, 2000 వాట్ల ఎలిమెంటు అయితే మామూలు నీళ్ళను 60 డిగ్రీలకు తేవడానికి ఇరవై నిమిషాలు, అటూ ఇటూగా పడుతుంది. మీ గీజరు ఎన్ని లీటర్లది, ఎన్ని వాట్లదో డబ్బా మీద రాసి వుంటుంది. గడియారం పెట్టి చూడండి. నలభై నిమిషాలు పడుతోందంటే ఏదో వుంది. కాని వెంటనే గీజరును తప్పుపట్టకండి. ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతోందా? అయితే అది వోల్టేజి జబ్బు. 230 వుండవలసిన వోల్టేజి 200కు పడితే ఎలిమెంటు ఇచ్చే వేడి దాదాపు పావు వంతు తగ్గుతుంది. వోల్టేజి బాగానే వుంటే థర్మోస్టాటునూ, ఎలిమెంటునూ చూపించాలి. ఇవి రెండూ మార్చుకోదగ్గవే. దీనికోసం గీజరును పారేయనక్కరలేదు.

రెండోది చప్పుడు. నీళ్ళు కాగేటప్పుడు లోపల గుడగుడమని, టపటపమని శబ్దం వస్తోందంటే అడుగున సున్నం పేరుకుందన్నమాట. దాని కింద చిక్కిన నీరు ఉడికి పైకి తన్నుతుంటే వచ్చే చప్పుడది. విప్పి శుభ్రం చేయిస్తే చాలావరకు పోతుంది.

మూడోది రంగు. వేడినీళ్ళు ఎర్రగా, తుప్పు వాసనతో వస్తున్నాయా? అదే బాత్‌రూములో చన్నీళ్ళ కుళాయి కూడా తిప్పి, రెండు తెల్లటి గిన్నెల్లో పట్టి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఎర్రగా వుంటే దోషం పైపులదో, పైన ట్యాంకుదో, బోరుదో. వేడినీళ్ళు మాత్రమే ఎర్రగా వుంటే గీజరు ట్యాంకు తుప్పు తింటోంది. ఇది కడ్డీ మార్చినంత మాత్రాన పోదు. కొత్తదానికి డబ్బు సిద్ధం చేసుకోండి.

నాలుగోది కారడం. ఇక్కడ తొందరపడకూడదు. నీళ్ళు ఎక్కడ నుంచి కారుతున్నాయో పొడిగుడ్డతో తుడిచి చూడండి. పైపు బిగింపు దగ్గర అయితే వాషరు మారిస్తే సరి. సేఫ్టీ వాల్వు నుంచి, అదీ నీళ్ళు కాగేటప్పుడు మాత్రమే నాలుగు చుక్కలు పడుతుంటే అది రోగం కాదు. నీరు వేడెక్కితే ఉబ్బుతుంది. పదిహేను లీటర్ల నీరు 60 డిగ్రీలకు చేరేసరికి ఒక గ్లాసెడు, అంటే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ వత్తిడి పోవడానికే వాల్వు పెట్టారు. "చుక్కలు పడుతున్నాయి, చిరాకుగా వుంది" అని కొందరు దాని మూతికి బిరడా బిగిస్తారు. ఇంతకంటే ప్రమాదమైన పని ఇంకొకటి లేదు. థర్మోస్టాటు కూడా చెడిన రోజున ఆ గీజరు బాంబుతో సమానం. వాల్వు నుంచి ఆగకుండా ధార కడితే మాత్రం వాల్వును మార్పించండి.

ఇక పైపులూ, వాల్వూ పొడిగా వుండి, డబ్బా అడుగు నుంచి, అతుకుల నుంచి నీరు ఊరుతుంటే లోపలి ట్యాంకుకు చిల్లి పడింది. దీనికి వైద్యం లేదు. అంటిస్తామనేవారు, వెల్డింగు చేస్తామనేవారు వుంటారు. నమ్మకండి. ఒకచోట చిల్లి పడిన ట్యాంకు పదిచోట్ల పలచబడి వుంటుంది. పైగా కారే నీరు కరెంటు బిగింపుల మీద పడుతూ వుంటుంది. ఆ రోజే స్విచ్చి కట్టి కొత్తది కొనుక్కోవాలి.

అయిదోది మితిమీరిన వేడి. కుళాయి తిప్పగానే ఆవిరి చిమ్ముతూ నీళ్ళు వస్తున్నాయంటే థర్మోస్టాటు, కటౌటు రెండూ పనిచేయడం లేదు. కొందరు సంతోషిస్తారు: "మా గీజరు ఎంత బాగా కాస్తుందో!" అని. 60 డిగ్రీల నీరు చర్మాన్ని సుమారు అయిదు సెకన్లలో లోతుగా కాలుస్తుంది. 70 డిగ్రీలయితే ఒక్క సెకను చాలు. అదే 49 డిగ్రీలయితే నిమిషాలు పడుతుంది. పసిపిల్లల చర్మం, ముసలివాళ్ళ చర్మం పలచన కనుక వాళ్ళకు ఇంకా తక్కువ వ్యవధి చాలు. చక్కెర జబ్బుతో కాళ్ళు మొద్దుబారినవారికి కాలుతున్న సంగతే తెలియదు. ఇలాంటి గీజరును బాగుచేయించేదాకా వాడకండి. ఏ గీజరు వున్నా సరే, బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి, తరవాత వేడినీళ్ళు కలపండి. ముందు వేడినీళ్ళు పట్టి చన్నీళ్ళకోసం అటు తిరిగినప్పుడే పిల్లలు బకెట్టులో చేతులు పెట్టేది.

ఆరోది వాసన, కమురు. ప్లగ్గు తీసి చూడండి. పిన్నులు నల్లబడినా, సాకెట్టు కరిగినట్టున్నా, మాడిన వాసన వచ్చినా వెంటనే ఆపెయ్యండి. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వుండాలి. ఇక్కడ మార్చవలసింది గీజరును కాదు, ప్లగ్గునూ వైరునూ. ఎం.సి.బి. పదేపదే పడిపోతోందని పెద్దది వేయించే మహానుభావులున్నారు. జ్వరం చూపిస్తోందని థర్మామీటరు పగలగొట్టడం లాంటిదది.

జిల్లుమంటే ఆ క్షణమే ఆపండి

ఏడో లక్షణాన్ని విడిగా చెబుతున్నాను. కుళాయి ముట్టుకుంటే, నీటిధారలో చేయి పెడితే సన్నగా జిల్లుమంటోందా? "కొంచెమేలే, అలవాటైపోయింది" అంటారు. ఇది అలవాటు చేసుకోవలసిన విషయం కాదు.

రెండు చలికాలాల కిందట మా కాలనీకి నాలుగు వీధుల అవతల వుండే ఒక రిటైర్డు పంతులుగారు నా దగ్గరకు వచ్చారు. "సార్, పొద్దున పూట వేళ్ళు జుమ్ముమంటున్నయి. నరాల బలహీనత అన్నరు. బలం గోలీలు రెండు నెలల సంది మింగుతున్న. తగ్గుతలేదు" అన్నారు. రక్తంలో చక్కెర చూశాను, సరిగానే వుంది. స్పర్శ సరిగానే వుంది. "పొద్దున అంటే ఎప్పుడు, లేవగానేనా?" అన్నాను. "లేదు సార్, తానానికి పోయినప్పుడు. నల్లా తిప్పితే." "చెప్పులు వేసుకుంటే?" ఆయన కాస్త ఆలోచించి, "అప్పుడుండదు సార్" అన్నారు. రోగం మీ ఒంటి నరాల్లో లేదు పంతులుగారూ, మీ ఇంటి నరాల్లో వుంది, ముందు గీజరు స్విచ్చి కట్టి ఎలక్ట్రీషియనును పిలవండి అని చెప్పి పంపాను.

ఆయన కొడుకు తండ్రి మీద ప్రేమతో ఎలక్ట్రీషియను దాకా పోకుండా, మర్నాడే కొత్త గీజరు తెచ్చి బిగింపించాడు. పాతది తుక్కు బండికి వేశాడు. మూడోరోజు మళ్ళీ జుమ్ముమంది! అప్పుడు తెలిసినవాణ్ణి పిలిచి ఇల్లంతా పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది. ఇంట్లో ప్లగ్గులన్నింటి ఎర్తు వైర్లూ ఒకచోట కలిసి వున్నాయి గాని, అక్కడ నుంచి భూమిలోకి పోవలసిన వైరు పై అంతస్తు కట్టినప్పుడు తెగిపోయింది. ఎవరూ మళ్ళీ కలపలేదు. కరెంటు కారుతున్నది గీజరులో కానే కాదు, బట్టలుతికే మిషనులో. అది భూమిలోకి దారి లేక ఎర్తు వైరు పట్టుకుని గీజరు డబ్బాకు, అక్కడ నుంచి కుళాయికి, కుళాయి నుంచి పంతులుగారి చేతికి వచ్చేది. ఎర్తు గుంట బాగుచేయించి, మిషను రిపేరు చేయించాక పంతులుగారి "నరాల బలహీనత" పూర్తిగా తగ్గిపోయింది.

నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. గీజరు మార్చడం సగం వైద్యమే. ఎర్తు లేని ఇంట్లో నిన్న కొన్న గీజరు కూడా ప్రాణం తీయగలదు. ఎర్తు బాగుండి, కరెంటు కారితే కట్టేసే పరికరం వున్న ఇంట్లో పాత గీజరు చెడినా ప్రాణం దక్కుతుంది.

"మా ఇంట్లో ఎం.సి.బి. వుంది కదా" అంటారేమో. దాని పని వేరు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించి కరెంటు పారితే పడిపోతుంది. వైరు కాలకుండా కాపాడటం దాని ఉద్యోగం. మనిషి గుండె గతి తప్పడానికి ఆంపియరులో పదోవంతు చాలు. 60 వాట్ల పాత బల్బు వెలగడానికి కావలసిన కరెంటులో అది సగమైనా లేదు! అంతకంటే తక్కువలోనే కండరాలు బిగుసుకుని పట్టుకున్న కుళాయిని వదలలేని స్థితి వస్తుంది. పైగా తడిసిన చర్మం కరెంటుకు దారి ఇస్తుంది. ఇంత చిన్న కరెంటు ఎం.సి.బి. కంటికి ఆనదు. దాన్ని పసిగట్టేది ఆర్.సి.సి.బి. అనే వేరే పరికరం. పోయిన కరెంటూ, తిరిగొచ్చిన కరెంటూ సమానంగా వున్నాయా అని ఎప్పుడూ లెక్క చూస్తూ వుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కన్ను మూసి తెరిచే లోపల కట్టేస్తుంది. మీ మీటరు పెట్టె దగ్గర అది వుందో లేదో ఈవేళే చూడండి. వుంటే దాని మీద పరీక్ష బొత్తాం వుంటుంది. నెలకొకసారి నొక్కండి. పడిపోవాలి. పడకపోతే మార్పించండి. లేకపోతే కొత్త గీజరుకంటే ముందు దాన్ని కొనండి. మనలాంటి రాతి నేలల్లో ఎండాకాలం ఎర్తు గుంట ఎండిపోతుంది కనుక అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి, ఏడాదికొకసారి ఎలక్ట్రీషియను చేత కొలిపించాలి.

ఈ నడుమ రోజుల్లోనే ప్రమాదం

గీజరు పాడైంది. కొత్తది జీతాలు వచ్చాక కొందామనుకున్నారు. ఆ పది రోజులూ ఏం చేస్తారు? అటక మీద నుంచి పాత కాయిల్ రాడ్డు దించుతారు. నేను ఎక్కువ భయపడేది దీనికే. రాడ్డు బకెట్టులో వుండగా, స్విచ్చి వేసి వుండగా "కాగాయా లేదా" అని వేలు పెట్టి చూడటం మన ఇళ్ళలో మామూలు. తప్పనిసరయితే ప్లాస్టిక్ బకెట్టే వాడండి, ఇనప బకెట్టు వద్దు. రాడ్డు నీటిలో పెట్టాకే స్విచ్చి వెయ్యండి. స్విచ్చి కట్టి, ప్లగ్గు కూడా తీసి, ఆ తరవాతే నీటిని ముట్టుకోండి. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. ఆ పది రోజులూ గ్యాసు పొయ్యి మీద గిన్నెతో కాచుకుంటే పోయేదేమీ లేదు.

కొందరు కరెంటు బాధ వద్దని గ్యాసు గీజరు కొంటారు. ఇక్కడ ఒక చరిత్ర వుంది. గీజరు అనే పేరు ఐస్‌లాండులోని ఒక వేడినీటి బుగ్గది. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాసుతో నీళ్ళు కాచే యంత్రం కనిపెట్టి దానికి ఆ పేరు పెట్టాడు. దానికి పొగ బయటికి పోయే గొట్టం లేదు! నూటయాభై ఏళ్ళు దాటినా మన బాత్‌రూముల్లో అదే తప్పు చేస్తున్నాం. మూసిన గదిలో గ్యాసు మండితే ప్రాణవాయువు తగ్గి, కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ రుచీ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఆ తరవాత స్పృహ తప్పడం. వేలికి పెట్టే ఆక్సిజను మీటరు ఈ విషంలో అంతా బాగున్నట్టే చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. గ్యాసు గీజరు బాత్‌రూముకు బయట, గాలి ఆడే చోట వుండాలి. దాని మంట నీలంగా కాక పసుపుగా మారినా, పైన మసి పట్టినా దాన్ని ఆపించవలసిన లక్షణమే.

ప్రమాదం జరిగితే

షాకు కొట్టినవారిని ముందు ముట్టుకోకండి. కాపాడబోయినవాళ్ళు కూడా పోవడం ఇలాంటి ప్రమాదాల్లో వున్నదే. మెయిను కట్టండి. అది వీలుకాకపోతే పొడి నేల మీద నిలబడి ఎండు కర్రతో తప్పించండి. 108కు ఫోను చెయ్యండి. ఊపిరి లేకపోతే రొమ్ము నడుమ రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేటట్టు నొక్కుతూ వుండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. స్పృహ వచ్చి "బాగానే వున్నాను" అన్నా ఆసుపత్రిలో గుండె పరీక్ష చేయించాలి.

వేడినీళ్ళు పడితే, వెంటనే కాలినచోట మామూలు కుళాయి నీటిని ఇరవై నిమిషాలు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసెయ్యండి. పసుపు, పేస్టు, సిరా, ఐసుముక్క ఏదీ పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. గ్యాసు గీజరు దగ్గర పడిపోయినవారిని తలుపు తీసి ముందు బయటి గాలిలోకి తేవాలి. తరవాత ఆసుపత్రిలో పూర్తి ప్రాణవాయువు ఇస్తారు.

క్లుప్తంగా

ఎలిమెంటు, థర్మోస్టాటు, వాల్వు, కడ్డీ, ప్లగ్గు చెడితే మరమ్మతు చాలు. ట్యాంకు కారినా, వేడినీళ్ళు మాత్రమే తుప్పు రంగులో వస్తున్నా గీజరును మార్చాలి. పదేళ్ళు దాటిన గీజరుకు ఒకే ఏడాదిలో రెండోసారి ఖర్చు వచ్చినా మార్చడమే లాభం. జిల్లుమన్నా, మాడువాసన వచ్చినా, ఆవిరి చిమ్మినా ఆ క్షణమే ఆపి, ఇంటి వైరింగు పరీక్ష చేయించాకే మళ్ళీ వెయ్యాలి. కొత్తది ఐ.ఎస్.ఐ. గుర్తు వున్నదే కొనండి. బోరు నీళ్ళ ఇంటివారు ఆ సంగతి దుకాణదారుకు చెప్పి, అందుకు తగిన ట్యాంకున్నది అడగండి. బిగించేవాణ్ణి మీ ఎదుటనే ఎర్తు పరీక్ష చెయ్యమనండి. బిగించిన తేదీ డబ్బా పక్కన రంగుతో రాయించండి. స్నానానికి వెళ్ళే ముందు స్విచ్చి కట్టే అలవాటు ఇంటిల్లిపాదికీ చెయ్యండి.

చాలామంది కార్తీకమాసంలో గీజరు ఆగిపోయాక హడావిడిగా పరుగెత్తి దొరికినది కొంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. గీజరును విప్పించి చూపించుకోవడానికీ, ముసలిదయిపోతే దించెయ్యడానికీ అదే అనువైన కాలం. మళ్ళీ చలి వచ్చేదాకా చేతిలో ఏడెనిమిది నెలలు వుంటాయి, ఎలక్ట్రీషియనుకూ తీరిక వుంటుంది.